మీటరు లేని ఎక్స్‌రే గదిలో రోగి డోస్ లెక్కగట్టడం

మీరు నర్సంపేటలోని ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో రేడియోగ్రాఫర్‌గా పనిచేస్తున్నారు. అక్కడి 300 ఎంఏ (మిల్లీ ఆంపియర్) యంత్రానికి ఈ మధ్యనే సీఆర్ రీడర్ (ఫిల్ముకు బదులు వాడే ప్లేటు మీది బొమ్మను కంప్యూటర్‌లోకి చదివే పరికరం) జతచేశారు. నడుము నొప్పితో వచ్చిన ఒక టీచరు రెండు ఫోటోలు తీశాక "నా ఒంట్లోకి ఎంత రేడియేషన్ పోయింది?" అని అడిగితే, మానిటర్ మీద కనిపించిన అంకెను చెప్పి పంపారు. అది సరైన జవాబేనా అన్న అనుమానం తర్వాత వచ్చిందని రాశారు. ఆ అంకె డోసేనా, డీఏపీ మీటరు (డోస్‌ను, కిరణం పడిన వైశాల్యాన్ని కలిపి కొలిచే పరికరం) కొనకుండా రోగి డోస్ తెలుసుకోవచ్చా, రోగికి ఇంతకు మించి ఇవ్వకూడదన్న పరిమితి ఏదైనా ఉందా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ఆ అంకె డోస్ కాదు. మీటరు లేకపోయినా డోస్‌ను లెక్కగట్టవచ్చు; అందుకు కావలసినవాటిలో ఎక్కువ భాగం మీ సెంటర్ ఫైలులోనే, క్వాలిటీ అస్యూరెన్స్ (క్యూఏ, అంటే యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష) రిపోర్టు రూపంలో ఇప్పటికే ఉన్నాయి. ఇక రోగికి చట్టంలో డోస్ పరిమితి లేదు, దాని బదులు పోల్చుకోవడానికి రిఫరెన్స్ స్థాయిలు ఉన్నాయి. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు యంత్రాలకు క్యూఏ పరీక్షలు చేసే పనిలో ఉన్నవాణ్ని కాబట్టి, మన ప్రాంతపు గదులలో ఉండే పరికరాలను, పరిస్థితులను మనసులో పెట్టుకొని ఈ మూడింటినీ కొంత వివరంగా రాస్తున్నాను.

మొదట మానిటర్ మీది అంకె సంగతి చూద్దాం. సీఆర్‌లో గాని డీఆర్‌లో (బొమ్మ నేరుగా కంప్యూటర్‌కు వచ్చే పద్ధతిలో) గాని కనిపించే ఎక్స్‌పోజర్ ఇండెక్స్, రోగి శరీరం గుండా వచ్చి, గ్రిడ్ (చెదిరిన కిరణాలను ఆపే పలక) కూడా దాటి, ప్లేటు మీద పడిన రేడియేషన్ ఎంతో చెబుతుంది. అంటే అది రోగికి ఇటువైపు మిగిలిన లెక్క. రోగి మీద అటువైపు ఎంత పడిందో దానికి తెలియదు. నడుము లాటరల్ (పక్క నుంచి తీసే బొమ్మ) వంటి మందమైన భాగాలలో శరీరం మీద పడిన కిరణాలలో ప్లేటు దాకా చేరేది అతి స్వల్పం కాబట్టి, సన్నగా ఉన్న మనిషికీ లావుగా ఉన్న మనిషికీ ఇండెక్స్ ఒకేలా వచ్చినా, వారి చర్మం మీద పడిన డోస్‌లో మూడు నాలుగు రెట్ల తేడా ఉండవచ్చు. పైగా ఈ ఇండెక్స్ ఒక్కో కంపెనీలో ఒక్కో తీరుగా ఉంటుంది. ఫ్యూజీ వారి ఎస్ నంబరు సగానికి తగ్గితే ప్లేటు మీద పడినది రెట్టింపైనట్టు. కోడాక్ పద్ధతిలో 300 పెరిగితే రెట్టింపు, అగ్ఫా పద్ధతిలో 0.3 పెరిగితే రెట్టింపు. ఈ గందరగోళం తొలగించడానికి 2008లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక ప్రమాణాల సంస్థ ఐఈసీ ఒక ఉమ్మడి ప్రమాణాన్ని తెచ్చింది. అందులో డీవియేషన్ ఇండెక్స్ ప్లస్ 3 అయితే అనుకున్నదానికి రెట్టింపు, మైనస్ 3 అయితే సగం పడిందని అర్థం.

అయితే ఆ అంకె పనికిరానిది కాదు. ఫిల్ము రోజుల్లో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిల్ము నల్లబడి మన తప్పు మనకు అక్కడికక్కడే కనబడేది. సీఆర్, డీఆర్‌లలో ఎక్స్‌పోజర్ ఎక్కువైనా బొమ్మ చెడిపోదు సరికదా, గరుకుదనం తగ్గి ఇంకా బాగుంటుంది. దాంతో ఎవరూ కావాలని చేయకుండానే ఎంఏఎస్ (ట్యూబ్ కరెంటును ఎక్స్‌పోజర్ సమయంతో గుణించిన విలువ) నెలనెలా కొంచెం కొంచెం పైకి పాకుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఇండెక్స్ మంచి సాధనం. ఒకే పరీక్షకు ఇండెక్స్ సగటు మూడు నెలలుగా ఒకే దిశలో జరుగుతూ ఉందంటే మీ చార్టును (ఏ పరీక్షకు ఎంత ఎక్స్‌పోజర్ ఇవ్వాలో రాసుకున్న పట్టికను) మళ్ళీ చూసుకోవాలి. కానీ రోగి అడిగిన ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

మీ జేబుకు ఉండే, సిబ్బందికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి గురించి కూడా చాలామందికి ఇదే అపోహ ఉంది. "బ్యాడ్జిని ఒకసారి రోగి నడుము మీద పెట్టి ఎక్స్‌పోజ్ చేసి పంపితే డోస్ తెలిసిపోతుంది కదా" అని అడిగినవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. మన దేశంలో సిబ్బందికి ఇచ్చే బ్యాడ్జిలో ఉండేది డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్. ఎక్స్‌రే గదిలో వాడే తక్కువ శక్తి కిరణాలకు అది అసలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా స్పందిస్తుంది. దాన్ని సరిచేయడానికే బ్యాడ్జిలో లోహపు ఫిల్టర్లు పెట్టి, మూడు డిస్కుల రీడింగులను కలిపి లెక్కగడతారు. ఆ లెక్క పనిచేసేవాడి డోస్ కోసం కట్టినది. నేరుగా కిరణాల కింద పెట్టిన బ్యాడ్జి తిరిగి వచ్చేసరికి మీ పేరు మీద అధిక డోస్ నమోదై, విచారణ మొదలవుతుంది. ఆ రికార్డును సరిచేయించుకోవడం అంత సులభం కాదు. రోగి చర్మం మీద నేరుగా కొలవాలంటే లిథియం ఫ్లోరైడ్‌తో చేసిన, ముందుగా కాలిబ్రేట్ చేసిన చిన్న చిప్‌లు వాడతారు. శరీర కణజాలానికి దగ్గరగా ఉండే పదార్థం కాబట్టి వాటి లోపం తక్కువ, బొమ్మలో కూడా దాదాపుగా కనబడవు. పరిశోధనకు అవి మంచివే. రోజువారీ సెంటర్‌కు వాటి అవసరం లేదని నా అభిప్రాయం.

ఇక లెక్కకు వద్దాం. రోగి శరీరం మీద కిరణాలు పడే చోట, రోగి లేడనుకుంటే గాలిలో ఎంత డోస్ ఉంటుందో అది ఇన్సిడెంట్ ఎయిర్ కెర్మా. రోగి ఉన్నప్పుడు శరీరం లోపలి నుంచి వెనక్కి చెదిరే కిరణాలు కూడా చర్మానికి తగులుతాయి కాబట్టి, దాన్ని బ్యాక్‌స్కాటర్ గుణకంతో హెచ్చవేస్తే చర్మపు డోస్, అంటే ఎంట్రన్స్ సర్ఫేస్ డోస్ వస్తుంది. మామూలు పరీక్షలలో ఆ గుణకం 1.3 నుంచి 1.4 వరకు ఉంటుంది, 1.35 అనుకుంటే పెద్ద తప్పు రాదు. రెండింటికీ కొలత మిల్లీగ్రే. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2007లో వెలువరించిన డయాగ్నొస్టిక్ డోసిమెట్రీ నియమావళి కూడా ఈ దారినే చూపుతుంది: ట్యూబ్ అవుట్‌పుట్ తెలుసుకొని, ఎంఏఎస్‌తో గుణించి, దూరానికి తగ్గట్టు సరిచేయడం.

ట్యూబ్ అవుట్‌పుట్ అంటే ఒక్క ఎంఏఎస్‌కు ఒక మీటరు దూరంలో ఎంత డోస్ వస్తుందన్నది. రెండేళ్లకోసారి జరిగే క్యూఏ పరీక్ష రిపోర్టు తీయండి. అందులో అవుట్‌పుట్ కన్‌సిస్టెన్సీ, ఎంఏ లీనియారిటీ అనే పట్టికల కింద ఎంఏఎస్‌కు ఎంత వచ్చిందో రాసి ఉంటుంది. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. కొలిచిన దూరం అందరూ ఒక మీటరే పెట్టరు, కొందరు 60 సెంటీమీటర్ల దగ్గర కొలుస్తారు. రిపోర్టులో దూరం రాసి ఉందో లేదో చూడండి, లేకపోతే పరీక్ష చేసిన వారికి ఫోన్ చేసి అడగండి. రెండోది, పాత మీటర్లతో చేసిన రిపోర్టులలో విలువ మిల్లీరాంట్జెన్‌లలో ఉంటుంది. ఒక మిల్లీరాంట్జెన్ అంటే 8.76 మైక్రోగ్రే. కాబట్టి 80 కేవీ (ట్యూబ్‌కు ఇచ్చే వోల్టేజి, కిలోవోల్టులలో) దగ్గర, మీటరు దూరంలో, ఎంఏఎస్‌కు 5.7 మిల్లీరాంట్జెన్ అని ఉంటే అది దాదాపు 50 మైక్రోగ్రే అన్నమాట. సరైన ఫిల్ట్రేషన్ (బలహీన కిరణాలను వడకట్టే లోహపు రేకు) ఉన్న యంత్రాలలో 80 కేవీకి ఇది ఊహించదగిన విలువే. వేరే కేవీకి కావాలంటే కేవీ నిష్పత్తిని వర్గం చేసి గుణిస్తే సరిపోతుంది. 80కి 50 మైక్రోగ్రే వస్తే 75కి సుమారు 44 వస్తుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. నడుము ఏపీ వ్యూ (కిరణాలు ముందు నుంచి వెనక్కి వెళ్ళే బొమ్మ), 75 కేవీ, 40 ఎంఏఎస్, ఎఫ్‌ఎఫ్‌డీ (ట్యూబ్ ఫోకస్ నుంచి క్యాసెట్‌కు ఉన్న దూరం) 100 సెంటీమీటర్లు. రోగి పడుకున్నప్పుడు నాభి దగ్గర మందం 22 సెంటీమీటర్లు, టేబుల్ పైభాగం నుంచి దాని కింద బకీ ట్రేలోని క్యాసెట్ (ప్లేటు ఉండే పెట్టె) దాకా 6 సెంటీమీటర్లు. అంటే ట్యూబ్ ఫోకస్ నుంచి రోగి చర్మానికి ఉన్న దూరం 100 నుంచి 28 తీసేస్తే 72 సెంటీమీటర్లు. 44ను 40తో గుణిస్తే 1,760 మైక్రోగ్రే. ఇది మీటరు దూరపు విలువ. 100ను 72తో భాగించి వర్గం చేస్తే 1.93. రెండూ గుణిస్తే దాదాపు 3.4 మిల్లీగ్రే. బ్యాక్‌స్కాటర్ 1.35తో గుణిస్తే చర్మపు డోస్ 4.6 మిల్లీగ్రే.

ఈ లెక్కలో అందరూ తేలిగ్గా తీసుకునేది దూరమే, నిజానికి అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేదీ అదే. రోగి మందం పట్టించుకోకుండా మీటరు దూరమే వేస్తే, పైన చెప్పిన ఏపీ డోస్ దాదాపు సగానికి తగ్గి కనిపిస్తుంది. లాటరల్‌లో ఇంకా ఘోరం. 85 కేవీ, 60 ఎంఏఎస్‌తో, నడుము వెడల్పు 32 సెంటీమీటర్లున్న మనిషికి చర్మపు దూరం 62 సెంటీమీటర్లే కాబట్టి డోస్ సుమారు 12 మిల్లీగ్రే అవుతుంది. అదే మనిషి వెడల్పు 38 అయితే, మీరు ఎంఏఎస్ ఒక్క అంకె కూడా పెంచకుండానే డోస్ 23 శాతం పెరుగుతుంది; అటువంటి మనిషికి ఎంఏఎస్ పెంచక తప్పదు కాబట్టి అసలు పెరుగుదల ఇంకా చాలా ఎక్కువ.

కనుక మందం కొలవాలి. కంటితో చూసి వేసే అంచనా సరిపోదు. దీనికి ఖరీదైన పరికరం ఏమీ అవసరం లేదు. సెంటీమీటర్ల గీతలున్న ఒక చెక్క పట్టీకి ఒక చివర నిటారుగా ఒక పలక బిగించి, మరో పలక పట్టీ మీద జరిగేలా వడ్రంగితో చేయించుకుంటే చాలు. కొలత తీసుకోవలసింది రోగి నిలబడినప్పుడు కాదు, టేబుల్ మీద పొజిషన్ చేశాక, కిరణం కేంద్రం పడే చోట. పడుకోగానే పొట్ట పక్కలకు సర్దుకొని రెండు మూడు సెంటీమీటర్లు తగ్గడం మామూలే. జగిత్యాల వైపు నుంచి నడుము నొప్పితో వచ్చే బీడీలు చుట్టే ఆడవాళ్ళలో 17 సెంటీమీటర్ల మందం ఉన్నవాళ్ళూ ఉంటారు, హన్మకొండ షాపుల్లో రోజంతా కూర్చొని పనిచేసేవాళ్ళలో 27 ఉన్నవాళ్ళూ ఉంటారు. ఇద్దరికీ చార్టులో ఒకే ఎంఏఎస్ ఉన్న గదులు నేను చూశాను. ఒకసారి కొలవడం అలవాటైతే డోస్ లెక్క సంగతి అటుంచి, ఎక్స్‌పోజర్ ఎంపికే మెరుగుపడుతుంది.

కేవీ, ఎంఏఎస్‌ల విషయంలో మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. మీరు బటన్‌తో పెట్టిన కేవీ, ట్యూబ్‌కు నిజంగా అందే కేవీ ఒకటే కావాలని లేదు. అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) ప్రమాణం ప్రకారం ఐదు కేవీ వరకు తేడా అనుమతిస్తారు. కొత్త హైఫ్రీక్వెన్సీ యంత్రాలు కరెంటు ఒడిదుడుకులను చాలావరకు తామే సర్దుకుంటాయి. పాత యంత్రాలలో కంట్రోల్ ప్యానెల్ మీద లైన్ వోల్టేజి ముల్లు ఉంటుంది, దాన్ని గుర్తు దగ్గరకు తెచ్చాకే ఎక్స్‌పోజర్ ఇవ్వాలి. యాసంగిలో చుట్టుపక్కల మోటార్లన్నీ నడిచే వేళకూ రాత్రి వేళకూ మధ్య ఆ ముల్లు ఎంత కదులుతుందో గమనించినవారికి, ఉదయం తీసిన ఫోటో బాగుండి మధ్యాహ్నం తీసినది తెల్లబడటానికి కారణం తెలిసే ఉంటుంది. అవుట్‌పుట్ కేవీ వర్గానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి, కేవీలో 7 శాతం లోటు డోస్‌లో 14 శాతం లోటవుతుంది; బొమ్మ తెల్లబడిందని మళ్ళీ తీస్తే రోగికి అందిన మొత్తం దాదాపు రెట్టింపు.

మళ్ళీ తీయడం అన్నాను కాబట్టి ఇక్కడే చెప్పాలి: ఏ లెక్కకూ, ఏ మీటరుకూ చిక్కకుండా జారిపోయే డోస్ ఇదే. రిపోర్టుకు వెళ్ళిన చివరి బొమ్మ ఎక్స్‌పోజర్ మాత్రమే రాసుకొని, చెడిపోయిన రెండింటినీ డిలీట్ చేస్తే, మీ పుస్తకంలో 12 మిల్లీగ్రే ఉంటుంది, రోగి ఒంటికి 36 తగిలి ఉంటుంది. రిజెక్టు చేసిన ప్రతి బొమ్మనూ, అది ఎందుకు చెడిందో ఒక మాటలో రాసుకోండి. కదలిక, పొజిషన్, తక్కువ ఎక్స్‌పోజర్, క్యాసెట్ తారుమారు. నెల తిరిగేసరికి ఏది ఎక్కువో అదే చెబుతుంది.

డీఏపీ మీటరు గురించి మీరు అడిగారు. అది కాలిమేటర్ (కిరణం పరచుకునే వైశాల్యాన్ని తగ్గించే పరికరం) ముందు అమర్చే పలుచని, పారదర్శకమైన అయొనైజేషన్ ఛాంబర్. డోస్‌ను, కిరణం పరచుకున్న వైశాల్యాన్ని కలిపి కొలుస్తుంది. ట్యూబ్ నుంచి దూరం పెరిగేకొద్దీ డోస్ వర్గంలో తగ్గుతుంది, వైశాల్యం అంతే వర్గంలో పెరుగుతుంది, అందువల్ల వాటి గుణకారం ఎక్కడ కొలిచినా ఒకటే. రోగి మందం కొలవనక్కరలేకపోవడం దీని పెద్ద సౌకర్యం. ఇంకొక మేలు కూడా ఉంది. పైన చెప్పిన నడుము ఏపీ ఉదాహరణలో క్యాసెట్ నిండా, అంటే 30 బై 40 తెరిచి తీస్తే, చర్మం మీద వైశాల్యం 622 చదరపు సెంటీమీటర్లు, డీఏపీ సుమారు 2.1 గ్రే చదరపు సెంటీమీటర్లు. అదే కాలిమేటర్‌ను వెన్నెముకకు సరిపడా 20 బై 40కి మూస్తే డీఏపీ 1.4కి దిగుతుంది. చర్మపు డోస్ మాత్రం రెండింట్లోనూ దాదాపు అదే 4.6 మిల్లీగ్రే. అంటే కాలిమేషన్ వల్ల రోగికి కలిగిన లాభాన్ని చర్మపు డోస్ చూపించదు, డీఏపీ చూపిస్తుంది. మీరు మీటరు లేకుండా లెక్కగడుతున్నట్టయితే ఫీల్డ్ సైజు కూడా పుస్తకంలో రాసుకుంటే ఈ లోటు తీరుతుంది, డీఏపీని కూడా కాగితం మీదే లెక్క వేసుకోవచ్చు.

డీఏపీ చూపించే డీఆర్ యంత్రం మున్ముందు మీరు కొంటే ప్రమాణాల దగ్గర జాగ్రత్తపడండి. పైన లెక్కగట్టిన అదే డోస్ ఒక యంత్రంలో 2.1గా, మరొకదానిలో 21గా, ఇంకొకదానిలో 210గా, వేరొకదానిలో 2,100గా కనిపించవచ్చు. ఒకరు గ్రే చదరపు సెంటీమీటర్లు, ఒకరు డెసిగ్రే, ఒకరు మైక్రోగ్రే చదరపు మీటర్లు, ఒకరు మిల్లీగ్రే చదరపు సెంటీమీటర్లు వాడతారు. రెండు సెంటర్ల అంకెలు పోల్చి పదిరెట్లు తేడా ఉందని కంగారుపడే ముందు అంకె పక్కనున్న చిన్న అక్షరాలు చదవాలి. మరో విషయం, చాలా యంత్రాలలో మీటరే ఉండదు, కేవీ, ఎంఏఎస్, కాలిమేటర్ తెరిచిన సైజు నుంచి సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి చూపిస్తుంది. అది తప్పేమీ కాదు, మనం కాగితం మీద చేసేదే అదీ చేస్తుంది. కానీ ఇన్‌స్టలేషన్ నాడు దాన్ని ఒక కాలిబ్రేటెడ్ మీటరుతో సరిచూశారో లేదో అడిగి రాయించుకోండి.

ఇక పరిమితి సంగతి. 2004 నాటి అణుశక్తి వికిరణ రక్షణ నియమాల కింద ఏఈఆర్‌బీ నిర్దేశించిన పరిమితులు పనిచేసేవారికి, సామాన్య ప్రజలకు వర్తిస్తాయి. మీకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్ (ఈ కొలత సంగతి చివర చెబుతాను), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ప్రజలకు ఏడాదికి 1. వైద్య పరీక్షకు వచ్చిన రోగికి ఇటువంటి గీత గీయలేదు, గీయకూడదు కూడా, ఎందుకంటే అవసరమైన పరీక్షను అంకె చూపించి ఆపేస్తే నష్టపోయేది రోగే. ఆ స్థానంలో ఉన్నవి డయాగ్నొస్టిక్ రిఫరెన్స్ స్థాయిలు. ఒకే పరీక్షకు ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్య డోస్‌లో చాలా రెట్ల తేడాలు ఉన్నట్టు 1980లలో బ్రిటన్‌లో జరిగిన కొలతలలో బయటపడిన తర్వాతే ఈ ఆలోచన బలపడింది. అనేక సెంటర్ల మధ్యస్థ విలువలను వరుసగా పేర్చి, నూటికి 75వ స్థానంలో ఉన్నదాన్ని గీతగా తీసుకుంటారు. మీ సెంటర్ మధ్యస్థం ఆ గీత పైన ఉంటే కారణం వెతకాలి. అది నేరం కాదు, నోటీసు కాదు.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1996లో ఇచ్చిన మార్గదర్శక స్థాయిలు ఛాతీ పీఏకు (కిరణాలు వీపు నుంచి ముందుకు వచ్చే బొమ్మకు) 0.4 మిల్లీగ్రే, నడుము ఏపీకి 10, నడుము లాటరల్‌కు 30, పెల్విస్ (కటి భాగం) ఏపీకి 10. ఇవి 200 స్పీడ్ ఫిల్ము, స్క్రీన్ల కాలానివి; ఇవాళ వీటి కింద ఉండటం గొప్పేమీ కాదు. 2010 నాటి సర్వే మీద ఆధారపడిన బ్రిటన్ స్థాయిలు ఛాతీ పీఏకు 0.15, నడుము ఏపీకి 5.7, లాటరల్‌కు 10, పెల్విస్‌కు 4 మిల్లీగ్రే. మన ఉదాహరణలోని ఏపీ 4.6 వీటికి లోబడే ఉంది, లాటరల్ 12 మాత్రం కొంచెం పైన ఉంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. విదేశీ స్థాయిలు సుమారు 70 కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకొని కట్టినవి. మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ప్రామాణిక పురుషుడి బరువు 2010లో 60 కిలోలు, 2020లో 65. స్త్రీకి రెండుసార్లూ 55 కిలోలే. సన్నని రోగులు ఎక్కువగా వచ్చే నర్సంపేట, ములుగు, మహబూబాబాద్ వంటి చోట్ల మధ్యస్థం బ్రిటన్ గీతను తాకిందంటేనే ఆలోచించాలి, దాటేదాకా ఆగనక్కరలేదు.

మీ సెంటర్ మధ్యస్థానికి ఎంతమందిని తీసుకోవాలంటే, అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘం ఐసీఆర్‌పీ 2017లో ఇచ్చిన సలహా ప్రకారం ఒక్కో పరీక్షకు కనీసం 20 మంది పెద్దవారు. బరువు చూసే యంత్రం గది బయట పెట్టుకొని, మరీ సన్నని, మరీ లావైన వారిని వదిలేసి లెక్క చేయండి. సగటు కాదు, మధ్యస్థం తీయాలి. విలువలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా రాస్తే మధ్యలో ఉన్నది. ఒక్క భారీకాయుడి డోస్ సగటును లాగేస్తుంది, మధ్యస్థాన్ని లాగలేదు. అన్ని పరీక్షలూ ఒకేసారి మొదలుపెట్టవద్దు. ఛాతీ పీఏ, నడుము ఏపీ, నడుము లాటరల్ మూడూ చాలు.

ఛాతీని ఎందుకు కలిపానంటే, దాని డోస్ చిన్నదైనా లెక్క పెద్దది. టీబీ అనుమానంతో పంపినవారు, సింగరేణి గనుల కార్మికుల పీరియాడికల్ వైద్య పరీక్షలు, ఉద్యోగాలకు వెళ్ళేవారి సర్టిఫికెట్లు అన్నీ ఛాతీ ఎక్స్‌రేలే. 180 సెంటీమీటర్ల దూరం నుంచి, 70 కేవీ, 10 ఎంఏఎస్‌తో తీస్తే, మన యంత్రం అవుట్‌పుట్‌తో చర్మపు డోస్ సుమారు 0.2 మిల్లీగ్రే వస్తుంది. గది ఇరుకని 180కి బదులు 120 నుంచి, అదీ ఏపీగా పడుకోబెట్టి తీసే చోట్ల గుండె పెద్దదిగా కనిపించడమే కాక, ఆడవాళ్ళలో రొమ్ము కణజాలం కిరణానికి ఎదురుగా వస్తుంది. పీఏలో ముందు వీపు తగులుతుంది, రొమ్ముకు చేరేసరికి కిరణం చాలావరకు బలహీనపడుతుంది. ఒక్క పైసా ఖర్చు లేని డోస్ తగ్గింపు ఇది.

మధ్యస్థం ఎక్కువ వచ్చిందనుకోండి, వెతకవలసిన చోట్లు కొన్నే. నడుముకు 70 కేవీతో 80 ఎంఏఎస్ ఇచ్చే అలవాటు ఫిల్ము రోజుల నుంచి మిగిలిపోయి ఉంటే, కేవీని 8, 10 పెంచి ఎంఏఎస్‌ను సగం చేసి చూడండి, రేడియాలజిస్టుకు బొమ్మ చూపించి ఒప్పించాకే చార్టు మార్చండి. మొత్తం ఫిల్ట్రేషన్ 2.5 మిల్లీమీటర్ల అల్యూమినియానికి తగ్గకూడదు. సర్వీసు వాళ్ళు కాలిమేటర్ విప్పి బిగించినప్పుడు ఫిల్టర్ రేకు పక్కన పెట్టి మరచిపోయిన సందర్భాలు ఉంటాయి, క్యూఏ రిపోర్టులో ఫిల్ట్రేషన్ వరుస చూడండి. సీఆర్ ప్లేటు పాతబడి సున్నితత్వం తగ్గితే దాన్ని ఎంఏఎస్‌తో కప్పిపుచ్చడం మానండి. చిన్నపిల్లలకు, పలుచని చేతులకు, కాళ్ళకు గ్రిడ్ వాడవద్దు. గోనాడ్ల (వృషణాలు, అండాశయాల) మీద సీసపు తొడుగు కప్పడం గురించి అడుగుతారేమో, అమెరికాలోని మెడికల్ ఫిజిసిస్టుల సంఘం ఏఏపీఎం 2019లో దాన్ని రోజువారీ అలవాటుగా చేయవద్దని చెప్పింది. తొడుగు జారి బొమ్మకు అడ్డొస్తే మళ్ళీ తీయాల్సి వస్తుంది, లోపల చెదిరిన కిరణాలను అది ఆపలేదు. కాలిమేటర్‌ను సరిగా మూయడం దానికంటే మేలు.

మరీ తక్కువ వచ్చినా సంతోషపడవద్దు. లాటరల్‌కు 3 మిల్లీగ్రే వచ్చిందంటే లెక్కలో దూరం తప్పైనా అయి ఉండాలి, లేదా నడుము చివరి వెన్నుపూస ఎల్5, దాని కిందిదైన ఎస్1 మధ్య సందు కనపడని గరుకు బొమ్మలను రేడియాలజిస్టు గారు మొహమాటంతో రిపోర్టు చేస్తూ అయినా ఉండాలి.

చివరగా ఆ టీచరు గారికి చెప్పవలసిన జవాబు. ఆమెకు మిల్లీగ్రే లెక్క చెబితే అర్థం కాదు, ఇంకో చోట చేయించుకున్న సీటీతో పోల్చుకోవడానికీ వీలుండదు. వేర్వేరు పరీక్షలను ఒకే కొలబద్ద మీద పెట్టడానికి ఎఫెక్టివ్ డోస్ ఉంది, దాని కొలత మిల్లీసీవర్ట్. చర్మపు డోస్ నుంచి దాన్ని రాబట్టడానికి ఫిన్లాండ్ రేడియేషన్ సంస్థ తయారుచేసిన పీసీఎక్స్‌ఎంసీ వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గాని, మామూలు సంభాషణకు స్థూల విలువలు చాలు: ఛాతీ పీఏ ఒక్కటి 0.02, పెల్విస్ 0.6, నడుము వెన్నెముక పరీక్ష మొత్తం కలిపి 1.5, పొట్ట సీటీ 8 మిల్లీసీవర్ట్ ప్రాంతం. నేల నుంచి, గాలిలోని రేడాన్ నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్ ఎలాగూ అందుతుంది. గ్రానైట్ నేలలున్న చోట నేల వాటా కొంత ఎక్కువే. కనుక ఆమెకు "నడుము ఫోటోలకు తగిలింది, మామూలుగా ప్రకృతి నుంచి ఏడెనిమిది నెలల్లో తగిలేంత" అని చెప్పవచ్చు. "మీకు క్యాన్సర్ వచ్చే అవకాశం ఇంత శాతం" అని మాత్రం ఎప్పుడూ లెక్కగట్టి చెప్పవద్దు. ఎఫెక్టివ్ డోస్ జనసమూహాలకు, పద్ధతులను పోల్చడానికి కట్టిన కొలత, ఒక మనిషి జాతకానికి కాదు. గర్భవతి అయి ఉండి తెలియక ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్న అమ్మాయి కంగారుగా వస్తే, పిండానికి చేరేది 0.01 మిల్లీగ్రే లోపేనని, అటువంటి డోస్ గర్భం తీయించుకోవడానికి కారణం కాదని ధైర్యం చెప్పి, డాక్టరు దగ్గరకు పంపండి. నడుము, పెల్విస్ పరీక్షలకు మాత్రం వయసులో ఉన్న ఆడవాళ్ళను నెలసరి గురించి ముందుగానే, పక్కన మగవాళ్ళు లేనప్పుడు అడగాలి.

పుస్తకంలో ఒక్కో రోగికి తేదీ, వయసు, బరువు, వ్యూ, మందం, కేవీ, ఎంఏఎస్, ఎఫ్‌ఎఫ్‌డీ, ఫీల్డ్ సైజు, రిజెక్టు అయినవి, ఇండెక్స్ అన్న గళ్ళు గీసుకోండి. డోస్ లెక్క సాయంత్రం తీరిగ్గా కంప్యూటర్‌లో వేసుకోవచ్చు. పేరు అక్కరలేదు, రిజిస్టర్ నంబరు చాలు. మొదటి పేజీలో యంత్రం అవుట్‌పుట్, దాన్ని కొలిచిన తేదీ, దూరం, కేవీ రాయండి. ట్యూబ్ గాని, జనరేటర్ బోర్డు గాని మార్చిన రోజు ఆ పాత విలువను కొట్టివేసి, కొత్త క్యూఏ జరిగేదాకా డోస్ గడి ఖాళీగా ఉంచి, మిగతావి రాస్తూ ఉండండి.